కాటుకబొట్టు చేపల గెడ్డ

పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు కిందున్న చేపల దుకాణానికి లాక్కెళ్ళింది. స్కూలు ప్రాజెక్టు కోసం ఇంట్లో అక్వేరియం పెట్టాలట. వెనక గోడ పొడవునా అద్దాల తొట్లు, వాటి మీద నీలం లైట్లు, ఎక్కడ విన్నా బుడగల చప్పుడు. ఒక తొట్టి దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. వేలెడంత కూడా లేని చేపలు. రాగిరంగు ఒళ్ళు, నడుము దగ్గర వెడల్పుగా మొదలై తోక దాకా సన్నబడుతూ పోయే నల్లటి మచ్చ. గుంపంతా ఒకేసారి ఇటు తిరిగి, ఒకేసారి అటు తిరుగుతోంది. "ఇవి ఈ దేశపు చేపలే. క్రాంజీ దగ్గర వాగులో చూశాను నేను," అన్నాను. అమ్మాయి నా మొహంలోకి చూసి నవ్వింది. "మమ్మీ, డోంట్ బ్లఫ్ లా! ఇక్కడ వాగులెక్కడున్నాయి? అన్నీ సిమెంటు కాలవలేగా!" అంది. దుకాణంలో నిలబడి చెప్పగలిగిన సంగతి కాదది. ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను.

నేను ఈ చిన్న ద్వీపదేశానికి వచ్చేనాటికి, కంప్యూటరు పని వచ్చిన మనిషి దొరికితే చాలని ప్రతి ఆఫీసూ ఎదురుచూస్తోంది. తెనాలి పక్క పల్లెటూరి పిల్లని. హైదరాబాదులో ఒక కోర్సు చేసి, ఒక సూట్‌కేసుతో దిగాను. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండు వేలు వచ్చేసరికి తల్లకిందులైపోతాయని లోకమంతా కంగారుపడుతున్న కాలం అది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏసీ గదిలో స్వెట్టర్ వేసుకుని, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్‌లో తేదీలు వెతికి సరిచేయడం నా ఉద్యోగం. కిటికీ లేని గది. బయట ఎండో వానో సాయంత్రం లిఫ్టు దిగాకే తెలిసేది. మాట్లాడే మనుషులు లేక, ఆదివారాలు గుడికి వెళ్ళి భోజనాల వరసలో నిలబడేదాన్ని. అక్కడే ఒకరోజు ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే వెనక నుంచి ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఒలే గుంటా! నువ్వు తెలుగేనేటి? ఎక్కడ తొంగుంటన్నావు? తిండి తింటన్నావా లేదా?" అంది. ఆమె నూకాలమ్మ. నేను మామ్మా అని పిలిచేదాన్ని. వాళ్ళ తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. ఆమె ఇక్కడి తోటలోనే, లయన్లనే కూలీల వరస ఇళ్ళలో పుట్టింది. ఆంధ్రదేశాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఆ పాత తెలుగు ఆమె నాలుక మీద చెక్కుచెదరకుండా ఉంది, మధ్య మధ్య తమిళం, మలయ్ మాటలతో కలిసి. నెల తిరిగేసరికి బూన్ లేలో వాళ్ళ ఫ్లాట్‌లో ఖాళీగా ఉన్న గదిలోకి మారిపోయాను.

ఆ ఇంట్లో ఉండేది మామ్మ, ఆమె కొడుకు సింహాచలం అంకుల్, అంకుల్ కూతురు ప్రేమ. ప్రేమ తల్లి అప్పటికి చాలా ఏళ్ళ క్రితమే పోయింది. ప్రేమ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదువుతుండేది. తెలుగు అర్థమయ్యేది కానీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది. తెల్లవారుతూనే మామ్మ గుడ్డసంచిలో కాఫీ వడకట్టే వాసన, మోకాళ్ళకు రాసుకునే తైలం ఘాటు, రేడియోలో తమిళ భక్తిపాటలు ఇల్లంతా పరుచుకునేవి. వరండాలో చాప మీద నెత్తళ్ళు ఎండబెట్టేది. పక్కింటి చైనీస్ ఆవిడ ముక్కు మూసుకుని దాటిపోయేది గానీ, ఆ నెత్తళ్ళను ఎండుమిరపకాయలు వేసి వేయించిన రోజు మాత్రం గిన్నె పట్టుకుని వచ్చేది. నేను చేరిన కొత్తలో పెరుగనుకుని ఫ్రిజ్‌లోంచి ఐస్‌క్రీం డబ్బా తీసి మూత తెరిచాను. లోపల ఎర్రటి సన్నటి పురుగులు ముద్దగా కదులుతున్నాయి. నా కేకకు మామ్మ పరుగెత్తుకొచ్చి, "అలామక్! అది సేపల తిండే. నీ పెరుగు కింద అరలో ఉంది, సూడు," అని డబ్బా లాక్కుని, దోసెల పిండి పక్కనే తిరిగి పెట్టేసింది.

అంకుల్‌ది రంగుచేపల పెంపకం. క్రాంజీలో ఆయన ఫారం. వరసగా సిమెంటు తొట్లు, వాటి వెనక వలలు కప్పిన మట్టి చెరువులు. చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో నింపి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి విమానంలో దేశదేశాలకు పంపేవారు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా చెరువు వాసన పోయేది కాదు. మాటలు తక్కువ. భోజనం చేస్తూ కూడా చెవి ఒగ్గి ఆకాశం వినేవారు. వాన చప్పుడు మొదలైతే ముద్ద చేతిలోనే ఆగిపోయేది. అంతకు ముందు వానాకాలంలో ఫారం వెనకున్న వాగు పొంగి చెరువుల మీదకు వచ్చింది. ఏడాదంతా పెంచిన చేపలు కళ్ళముందే కొట్టుకుపోతుంటే ఆయన మెడలోతు నీళ్ళలో వల పట్టుకుని నిలబడిపోయారని మామ్మ నాకు చెప్పింది. ఆ తర్వాతే వాగుకు రెండు పక్కలా, అడుగునా సిమెంటు చేయించమని ఆయన సర్కారు వాళ్ళను అడిగారు. వాళ్ళు వచ్చి కొలతలు కూడా వేసుకుని వెళ్ళారు.

మొదటిసారి నేను ఫారంకి వెళ్ళింది ఊరికే, ఇంట్లో తోచక. అంకుల్ చిన్న లారీలో ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను. ఆయన తొట్ల దగ్గర పనిలో పడితే నేను కంచె దాటి వెనక్కి నడిచాను. అక్కడ వాగు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఒడ్డున ఒక్క చెట్టు లేదు. నీళ్ళు పచ్చగా, పాచిపట్టి ఉన్నాయి, ఒడ్డు విరిగి మట్టి పెళ్ళలు జారుతున్నాయి. మోకాలిలోతు నీళ్ళలో చేతివల పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. తలకు స్కార్ఫ్, దాని మీద గడ్డి టోపీ. నేను ఇంగ్లీషులో పలకరిస్తే నా యాస పట్టుకుని నవ్వింది. "తెలుగా? అరే, చెప్పొద్దా మరి!" అంది. ఆమె అఫ్రోజ్. హైదరాబాదు మనిషి. ఇక్కడి యూనివర్సిటీలో జీవశాస్త్రం చెప్పేది. వాగుకు సిమెంటు పడబోతోందని విని చూడటానికి వచ్చింది.

"చెప్పులు విడిచి ఇట్ల రా," అంది. నీళ్ళలో దిగాను. గోరువెచ్చగా ఉన్నాయి, ఎవరో కాచి పోసినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుని వాగు వెంట పైకి నడిపించింది. ఫారం హద్దు దాటాక ఒక తునక అడవి మిగిలి ఉంది. చెట్ల నీడలోకి అడుగుపెట్టగానే పాదాలు జివ్వుమన్నాయి. అక్కడి నీళ్ళు చల్లగా, టీ డికాషన్ రంగులో, అడుగున రాలిన ఆకులు కనిపించేంత తేటగా ఉన్నాయి. వెడల్పాటి ఆకుల నీటిమొక్కల మధ్య రాగిరంగు చేపలు కొన్ని మెరిసి మాయమయ్యాయి. "చూసినవా? ఈ వాగుల మిగిలినయి ఇవే. ఆకు కింద గుడ్లు పెడతయి ఇవి. కింద నీడ లేదు, ఆకు లేదు, నీళ్ళు గరం. ఎట్ల దిగుతయి? ఇగ సిమెంట్ పడితే ఈ తునకల ఉన్నవి కూడ ఎన్నాళ్ళుంటయి?" అంది అఫ్రోజ్. ఈ దేశం వచ్చాక నేను నీళ్ళలో కాలు పెట్టడం అదే మొదలు. నెలల తరబడి స్క్రీన్ చూసి చూసి మండిన కళ్ళు ఆ నీడలో చల్లబడ్డాయి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు లారీలో నేనే మాట ఎత్తాను.

అంకుల్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "రాధమ్మా, నీకు సరదాగుంటది. నా సెరువులు కొట్టుకుపోతే సరదాగుండదు. లొంకాంగ్ కట్టేస్తే నీరు తిన్నగా ఎల్లిపోద్ది. అంతే," అన్నారు. లొంకాంగ్ అంటే ఇక్కడి వాళ్ళ భాషలో మురుగుకాలవ. మరుసటి ఆదివారం అఫ్రోజ్ తానే ఆయనతో మాట్లాడింది. ఎప్పుడో వంపు తీసేసి తిన్నగా తవ్వినందుకే వాన వస్తే నీళ్ళు అంత ఉరుకుతున్నాయనీ, పాత వంపు మళ్ళీ తవ్వి, అడుగున రాళ్ళూ దుంగలూ పెట్టి, పొంగినప్పుడు నీళ్ళు పరుచుకోవడానికి కాస్త పల్లం వదిలితే ఉరవడి తగ్గుతుందనీ వివరించింది. ఆ పల్లం చివరి వరస చెరువులున్న చోటే కావాలి. పైగా ఆయన చెరువుల మురుగునీళ్ళు వాగులోకి నేరుగా వదలకూడదు. అన్నీ విని అంకుల్, "అంటే నా సెరువులు నానే పూడ్సుకోవాలా? నా సేపలు నాకు కూడెడతన్నాయి. ఆ గెడ్డ నాకేటి పెడతది?" అని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ మాటలో వాగును గెడ్డ అంటారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మామ్మకు ఆ చేపల రంగూ మచ్చా వర్ణించి చెప్పాను. ఆమె చెయ్యి విస్తరి మీదే ఆగింది. "కాటుకబొట్టే అవి! మా లయన్ల కాడ గెడ్డ నిండా ఉండేవి. మా అమ్మోళ్ళు అలాగే పిలిసేవోరు, కాటుకబొట్టు సేపలని. గెడ్డలో ఇంకా ఉన్నాయేటే?" అంది. అప్పటికామె మోకాళ్ళు పట్టేసి, గుడికి తప్ప ఎక్కడికీ కదిలేది కాదు. ఆదివారం తెల్లారేసరికి మాత్రం జరీ చీర కట్టుకుని, లారీ దగ్గర నిలబడి ఉంది. అంకుల్ ఎంత వద్దన్నా వినలేదు. ప్రేమా నేనూ చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. వాగు ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చుని, పచ్చటి నీళ్ళలో ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికింది.

"ఒరే సింహాచలం, కాటుకబొట్లేవిరా?" అంది చివరికి.

"తొట్ల నిండా ఉన్నాయి కదమ్మా."

"తొట్లోవి కాదురా. గెడ్డలోవి." మామ్మ ఆగకుండా అందుకుంది. "మీ అయ్య పోయినప్పుడు నువ్వింతున్నావు. ఈ గెడ్డలోనే కాదేటి, బుట్ట పట్టుకుని దిగేవు? ఆ సేపల్ని సీసాలో ఏసి పట్నం తీసుకెళ్ళి సేపల దుకాణపోడికిచ్చేవు. అయ్యే పిల్లలెట్టాయి, ఆటి పిల్లలు పిల్లలెట్టాయి, నీకు ఫారం అయింది. నీ తొట్లో సేపలు ఏ తల్లి పిల్లలురా? ఆ తల్లికి సిమెంటు పోస్తావా?"

అంకుల్ వంగి వాగులో చెయ్యి పెట్టి, ఆ వెచ్చదనం తెలిసిందో ఏమో, చాలాసేపు అలాగే ఉంచారు. తర్వాత అఫ్రోజ్ వైపు తిరిగి, "ఒక్క వానకాలం. ఒక్కటే. నా సెరువులు మళ్ళీ మునిగితే, నువ్వు మళ్ళీ ఈ ఫారం గేటు దాటకూడదు. సరేనా?" అన్నారు. "బొలేహ్, అంకుల్," అంది అఫ్రోజ్, ఆయన రోజూ వాడే మలయ్ మాటే వాడి. సరేనని అర్థం. సర్కారు ఇంజనీరు మిస్టర్ టాన్ కూడా ఫారంకి వచ్చి ఓపికగా విన్నాడు. మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు. ఆ వానాకాలం అయ్యేదాకా సిమెంటు పని ఆపిస్తాననీ, చెరువులు మునిగితే మాత్రం తన చేతిలో ఏమీ ఉండదనీ స్పష్టంగా చెప్పాడు.

ఆ తర్వాతి నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు నొప్పులు పుడతాయి, నవ్వూ వస్తుంది. నా ఆఫీసులో తేదీలు దిద్దుతున్న తెలుగు కుర్రాళ్ళంతా, ఆదివారం మామ్మ వంట దొరుకుతుందనే ఆశతో బయల్దేరి వచ్చేవారు. ఇస్త్రీ ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, వారమంతా కీబోర్డు తప్ప ఏమీ ఎత్తని చేతులతో రాళ్ళు మోసేవారు. అంకుల్ పాత వంపు ఎక్కడుండేదో చిన్ననాటి జ్ఞాపకంతో సున్నం గీత గీశారు. మొదటి గీత తప్పని అఫ్రోజ్ మట్టి పొరలు చూపించి నిరూపించింది, రెండోది ఇద్దరూ కలిసి గీశారు. చివరి వరస చెరువులు ఖాళీ చేసి పల్లం చేశాం. ఒక చెరువును మాత్రం రెల్లూ నీటి తోటకూరా నాటి, మురుగునీళ్ళు అందులో నిలిచి తేరుకున్నాకే వాగులోకి జారేట్టు కట్టాం. వాగులో చేరిన పరాయి చేపల్ని వలలతో తీసేశాం. వాటిలో పెద్దవాటిని మామ్మ అక్కడే పొయ్యి పెట్టించి, చింతపండూ గోంగూరా వేసి పులుసు చేసేది. ఆ వాసనకు పక్క ఫారంల వాళ్ళు కూడా వచ్చి, తిన్నందుకు మొహమాటపడి ఒకటో రెండో దుంగలు మోసి వెళ్ళేవారు. ఒడ్డున మొక్కలు, నీళ్ళలో అడవి తునకలోంచి తెచ్చిన వెడల్పాటి ఆకుల నీటిమొక్కలు నాటాం. నీడ త్వరగా కావాలని అంకుల్ తన ఫారంలోంచి ఎదిగిన బాదం చెట్లు వేళ్ళతో సహా తవ్వి తెచ్చారు. మా ఊళ్ళో విస్తళ్ళు కుట్టే ఆకులవే. ఎండిన బాదం ఆకులు నీళ్ళలో వేస్తే అవి డికాషన్ రంగుకు తిరుగుతాయనీ, ఈ చేపలకు అదే ఇష్టమనీ ఆయన తొట్లలో ఎప్పట్నుంచో వేస్తున్నారట.

నీళ్ళు మెల్లగా చల్లబడ్డాయి. పాచి పోయింది. చేపలు మాత్రం రాలేదు. ప్రేమ ప్రతి ఆదివారం ఒడ్డున నిలబడి, "వేర్ గాట్ ఫిష్, అక్కా? అంతా వేస్ట్ లా," అనేది. ఒకరోజు అంకుల్ రెండు బక్కెట్ల నిండా తన కాటుకబొట్లు తెచ్చి ఒడ్డున పెట్టారు. వాగులో వదిలేద్దామన్నారు. అఫ్రోజ్ అడ్డంగా నిలబడింది. "నారాజ్ కావొద్దు అంకుల్. మీ చేపలు తొట్లల్ల పుట్టి తొట్లల్ల పెరిగినయి. రంగు చూసి ఏరి ఏరి పెంచినయి. చేతిల తిండికి అలవాటైనయి. పైనున్న అడవి చేపలతోని కలిస్తే ఆ జాతే మారిపోతది," అంది. అంకుల్ మొహం ఎర్రబడింది. "మావి సేపలు కావేటి?" అని బక్కెట్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు. కొన్ని వారాలు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే వచ్చి దుంగలు సర్ది, మొక్కలకు నీళ్ళు పోసి పోయేవారు.

చివరికి ఆయనే ఒకనాడు అడిగారు. "పైనున్నవి ఎప్పుడు దిగుతాయి?"

"వాన పడితే అంకుల్. నీళ్ళు పెరిగితే అవే కిందికి దిగుతయి."

ఆ మాటతో మా అందరి మనసూ రెండుగా చీలింది. ఏ వాన చేపల్ని తేవాలో, ఆ వానే చెరువుల్ని ముంచగలదు. ఆకాశం మబ్బు పట్టినప్పుడల్లా నాకు ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. అంకుల్ మాత్రం పైకి అనకపోయినా ముద్ద ఆపి వినడం మానలేదు.

ఆ ఏటి వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఆగలేదు. మిస్టర్ టాన్ చూడటానికి వస్తానన్న రోజుకు ముందు, పగలూ రాత్రీ ఏకధాటిగా కురిసింది. తెల్లారగానే అంకుల్, ప్రేమ, నేను లారీలో బయల్దేరాం. దారిలో ప్రతి సిమెంటు కాలవా ఎర్రటి నీళ్ళతో అంచుల దాకా ఉరకలేస్తోంది. ఫారం గేటు తీయడానికి నేను దిగాను. గొళ్ళెం లాగి గేటు తోశాను. లోపలికి పరుగెత్తాం. చెరువుల మీద వలలు బిగువుగా, ఎక్కడివక్కడే ఉన్నాయి. నీళ్ళు గట్టు దాటలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే వాగు ఒడ్డు ఎక్కి పల్లంలోకి మెత్తగా పరుచుకుని, పెద్ద అద్దంలా నిలబడి ఉంది. ఒక దుంగ కొట్టుకుపోయింది, కొన్ని మొక్కలు వాలిపోయాయి. అంతే! అంకుల్ గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు. "నిలబడింది రాధమ్మా. గెడ్డ నిలబడింది," అన్నారు. ప్రేమ ఇంగ్లీషూ తెలుగూ మరిచిపోయి ఊరికే కేకలు పెడుతూ నా మెడ పట్టుకుని గెంతింది.

అఫ్రోజ్, ఆమె వెనకే గొడుగుతో మిస్టర్ టాన్ వచ్చారు. ఆయన గట్లు చూశాడు, పల్లం చూశాడు, కిందా పైనా నడిచి చూశాడు. ఏదో చెప్పబోతుండగా వంపు దగ్గర నిలబడ్డ అంకుల్ చెయ్యి పైకెత్తారు. మాట్లాడొద్దని సైగ. ఇంజనీరు చొక్కా చెయ్యి పట్టి కిందికి లాగి, "కూకో, కూకో," అన్నారు తెలుగులోనే. భాష తెలియకపోయినా ఆయన ఇస్త్రీ ప్యాంటుతో బురదలో గొంతుక్కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. వంపు లోపలి వైపు, దుంగ చాటున నీళ్ళు అప్పటికే తేరుకున్నాయి. వెడల్పాటి ఆకు పక్కన రాగిరంగు చేప ఒకటి, దాని వెంట ఇంకొకటి. వాటి వెనక చీకట్లోంచి ఒక గుంపు. మొదటి చేప ఆకు కిందికి దూరి, ఒళ్ళు తిప్పి, పొట్ట పైకి పెట్టి వెల్లకిలా అయింది. ఆకు అడుగుకు ఆనుకుని అదురుతూ గుడ్లు అంటించింది. రెండోది దాని పక్కన చేరింది. అంకుల్ కళ్ళలో నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకునే ధ్యాస లేదు. "తొట్లో ఎన్ని వేలసార్లు సూసేనో," అన్నారు గుసగుసగా. "ఇలాగ సూడ్డం ఇదే. నన్నడక్కుండా ఒచ్చేయి." అఫ్రోజ్ వైపు తిరిగి, "నీ మాటే నిజమమ్మా. నా బక్కెట్లు ఏసుంటే ఇది సూసేవోణ్ణి కాదు," అన్నారు. ఆమె ఏడుస్తూ నవ్వింది. "మీ గీత లేకపోతే వంపెక్కడిది అంకుల్?" అంది.

మిస్టర్ టాన్ లేచి, మోకాళ్ళ బురద దులుపుకోవడం కూడా మరిచిపోయి, ఇక్కడ సిమెంటు అవసరం లేదని తాను రాస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ ముక్కకు సిమెంటు పడలేదు. వాన తగ్గగానే మామ్మను తీసుకొచ్చాం. ఈసారి కుర్చీ నీళ్ళ అంచున వేశాం. బాదం నీడలో ఆమె ముందుకు వంగి, అద్దాలు సరిచేసుకుని చూసింది. గుంపు వచ్చి ఆమె పాదాల ముందు ఒకేసారి ఇటు తిరిగి, ఒకేసారి అటు తిరిగింది. "ఒలమ్మా! ఇన్నేళ్ళయినా కాటుక సెదరలేదే!" అంది చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి. ఆ రోజు మా ఆఫీసు కుర్రాళ్ళు ఆమెను కుర్చీతో సహా ఎత్తుకుని ఫారం అంతా ఊరేగించారు. ఆమె వాళ్ళను తిడుతూనే ఉంది, దింపమని మాత్రం అనలేదు.

రెండు వేలు వచ్చింది, వెళ్ళింది. లోకం తల్లకిందులు కాలేదు. నేను రేయింబవళ్ళు దిద్దిన ఆ ప్రోగ్రాములన్నీ కొన్నాళ్ళకే తీసేసి కొత్తవి పెట్టారు. నా చేతి కోడ్ ఒక్క వరస కూడా ఇప్పుడు ఎక్కడా నడవడం లేదు. దాని గురించి బెంగ లేదు. ఆ జీతంతోనే మా ఊళ్ళో తమ్ముడి చదువు పూర్తయింది, నాకిక్కడ ఒక జీవితం కుదిరింది. కానీ ఆ రోజుల్లో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే, ముందు నాకు గుర్తొచ్చేది కిటికీ లేని గది కాదు. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను వెళ్ళి ఉండకపోతే ఆ గుడి వరసలో ఇంకెవరి మోచెయ్యి పట్టుకునేదో అనుకుంటాను. ఇప్పుడు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం బోలెడంత మందిమి, ఫోన్లో గుంపులు కట్టుకుని ఉన్నాం, పండగలకు పెద్ద హాళ్ళు తీసుకుంటున్నాం. ముక్కూ మొహం తెలియని పిల్లను తిండి తింటున్నావా అని అడిగి ఇంటికి తీసుకెళ్ళే వాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. మేం నాటిన చెట్లు మాత్రం రెండు ఒడ్ల నుంచీ కలుసుకుని వాగు మీద కప్పు కట్టేశాయి. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ దీపం పెట్టుకోవాలనిపించేంత నీడ.

పోయిన వానాకాలం అయ్యాక సింహాచలం అంకుల్ ఫోన్ చేశారు. ఎనభై దాటిన మనిషి, ఫారం తగ్గించుకుని కాస్త మిగుల్చుకున్నారు. "బేగి రా. అఫ్రోజ్‌నీ తీసుకురా," అని పెట్టేశారు. వెళ్తే మమ్మల్ని వాగు వంపు దగ్గరకు కాదు, కిందికి నడిపించారు. ఫారం దాటి, రోడ్డు కింద తూము దాటి, ఎన్నడూ మేము పోని చోటికి. అక్కడ మేమెవరం ఒక రాయి పెట్టలేదు, మొక్క నాటలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన విత్తనాలే ఒడ్డున మొలిచి, నీడ పట్టి, నీళ్ళు డికాషన్ రంగులో చల్లగా పారుతున్నాయి. ఆకుల మధ్య రాగిరంగు మెరుపు, దాని పక్కన వందల మెరుపులు. తల నెరిసిన అఫ్రోజ్ చెప్పులతోనే నీళ్ళలో దిగిపోయింది. "వీటిని ఇక్కడ ఎవరు వేసిండ్రు?" అంది ఆశ్చర్యంగా.

"ఎవులేస్తారు? మనం దారి ఒగ్గేం, అయ్యే ఎల్లేయి," అన్నారు అంకుల్. చేతికర్ర ముందుకు పెట్టి, కొమ్మలు తప్పించుకుంటూ వాగు వెంట కిందికి కదిలారు. "రండి, ఇంకా ఎందాక ఎల్లేయో సూద్దాం." మేమిద్దరం ఆయన వెనక నడిచాం.